ఫారం 7-బి ప్రకారం స్నేహితురాలు

కోస్తా కొబ్బరి పీచు అభివృద్ధి సంస్థలో వివక్ష అనేది ఏనాడూ లేదు. ఈ సంగతి అందులో పనిచేసే వాళ్ళందరికీ తెలుసు. లేదన్న సంగతిని నెలరోజుల్లో రుజువు చేయమని రాజధాని నుంచి కాగితం రావడంతోనే చిక్కొచ్చిపడింది.

ఆ కాగితానికి ఇన్వర్డు నంబరు వేసింది సువార్త. కాకినాడ కార్యాలయంలో తపాలా సీటు ఆమెది. లోపలికొచ్చే ఏ కాగితమైనా ముందు ఆమె బల్ల మీద పడి, నంబరూ తేదీ ముద్రా వేయించుకుని, ఆ తర్వాతే పెద్దల గదుల్లోకి నడవాలి. ఆ రోజు ఒకటో తారీఖు. ముద్ర అయితే వేసింది గానీ ఆమె ఆ కాగితం చదవలేదు. మనసంతా ఇంటి మీద ఉంది. ఉంటున్న ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడతామనీ, ముప్పయ్యో తారీఖుకల్లా ఖాళీ చేయాలనీ ఇంటివాళ్ళు చెప్పేశారు. భర్త భీమవరం డిపోలో కండక్టరు, వారానికొక రోజు వస్తాడు. కూతురు దీవెన పదో తరగతి. ముప్పయ్యో తారీఖు తర్వాత ఆ పిల్ల ఎక్కడ కూర్చుని చదువుకోవాలో ఇంకా తేలలేదు.

అప్పటికే పదకొండు ఇళ్ళు చూసింది. ప్రతి ఇంట్లోనూ నవ్వుతూ తాళం తీశారు, కుళాయి తిప్పి నీళ్ళు చూపించారు, గాలి ఎటునుంచి వస్తుందో చెప్పారు. తర్వాత పేరడిగారు. పేరుతో తేలకపోతే ఇంటిపేరు, దాంతోనూ తేలకపోతే ఏ ఊరు, ఊళ్ళో ఏ పేట అని అడిగారు. తేలిపోగానే వాళ్ళకు ఒక మేనల్లుడు గుర్తొచ్చేవాడు. అతను వచ్చే నెల బదిలీ మీద కాకినాడ వస్తున్నాడట, ఈ వాటా అతనికే అనుకున్నారట, ఆ మాటే మర్చిపోయారట. ఒక్క నెలలో పదకొండు మంది మేనల్లుళ్ళు కాకినాడకు బదిలీ కావడం మామూలు విషయం కాదు.

ఇంతకీ ఆ కాగితంలో ఉన్నది ఇది: "సంస్థ యందలి ప్రతి ఉద్యోగియు, వివక్షకు లోనైన వర్గమునకు చెందిన సహోద్యోగి ఒకరితో హృదయపూర్వకమైన స్నేహము కలిగియుండవలెను. సదరు స్నేహమును ఫారం 7-బి యందు నింపి, ఫొటో జతపరచి, ఈ నెల 27వ తేదీన విచ్చేయు తనిఖీ సంఘము ఎదుట సమర్పించవలెను. స్నేహము లేనివారిని వివక్ష చూపినవారిగా పరిగణించడమగును."

మేనేజింగ్ డైరెక్టరు మార్తాండరావు గారు దీన్ని రెండుసార్లు చదివి, పరిపాలనాధికారి పట్టాభిరామయ్య గారిని పిలిచి, అప్పటికప్పుడు సమభావ అధికారిగా నియమించారు. పట్టాభిరామయ్య గారికి ఏ పనైనా జాబితాతోనే మొదలవుతుంది. సిబ్బంది జాబితా తెప్పించి, స్నేహానికి అర్హులు ఎందరున్నారో ఎర్రసిరాతో గుర్తు పెట్టడం మొదలుపెట్టారు. గుర్తు ఒక్కచోటే పడింది.

"ఒక్కరేనా?" అన్నారు మార్తాండరావు గారు.

"ఒక్కరేనండి. తపాలా సీటు సువార్త. ఇంకో ఆయన ఉండేవారు, పోయినేడు రిటైరైపోయారు. ఆ ఖాళీ నింపలేదు కదండీ మనం."

"మరి ఊడ్చేవాళ్ళు, గార్డెన్ వాళ్ళు, వాచ్‌మెన్లు? వాళ్ళలో బోలెడు మంది ఉంటారు కదయ్యా?"

"వాళ్ళు అవుట్‌సోర్సింగండి. సంస్థ సిబ్బంది కిందికి రారు. వాళ్ళతో స్నేహం చేసినా చెల్లదు."

మొత్తం సిబ్బంది ముప్పైతొమ్మిది మంది. సువార్తను తీసేస్తే ముప్పైఎనిమిది. ముప్పైఎనిమిది మందికి ఒక్క సువార్త. పట్టాభిరామయ్య గారు కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, వంతులు వేస్తే సరిపోతుందని తేల్చారు.

మర్నాడు ఉదయం సూపరింటెండెంటు విశాలాక్షి గారు తపాలా సీటు దగ్గరికొచ్చి, "సువార్త గారూ, టిఫినయిందా అండి?" అని అడిగారు. పదకొండేళ్ళలో సువార్తను ఆ ఆఫీసులో ఎవరూ గారు అని పిలవలేదు. తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆమె తిరిగి చూసింది.

వారం తిరక్కుండా హైదరాబాదు నుంచి ఒక శిక్షకురాలు వచ్చింది. గోడ మీద బొమ్మలేసి చూపిస్తూ, పక్షపాతం అందరి గుండెల్లో గూడు కట్టుకుని ఉంటుందని, దాన్ని ముందు ప్రేమగా పలకరించాలని చెప్పింది. "ఇప్పుడందరూ కళ్ళు మూసుకోండి. మీ కుడిపక్కన కూర్చున్న స్నేహితురాలికి తరతరాల తప్పులకు క్షమాపణ చెప్పండి" అంది. అందరూ కళ్ళు మూసుకున్నారు, మళ్ళీ తెరిచారు. అందరికీ కుడిపక్కన సువార్త ఎలా ఉంటుంది? పట్టాభిరామయ్య గారు లేచి ఏర్పాటు చేశారు. హాలు మధ్యలో రెండు కుర్చీలు వేసి, కుడి కుర్చీలో సువార్తను కూర్చోబెట్టి, ఎడం కుర్చీ దగ్గర వరస కట్టమన్నారు. రేషన్ దుకాణం దగ్గరలా వరస కదిలింది. ఒక్కొక్కరూ వచ్చి కూర్చోవడం, క్షమించమనడం, లేవడం.

"ఎందుకండీ క్షమాపణ?" అని స్టోర్సు గుమాస్తాను అడిగింది సువార్త, పదిహేడో క్షమాపణ దగ్గర.

"ఎందుకో తర్వాత చెబుతారటండి. ముందైతే చెప్పేయమన్నారు" అని ఆయన గబగబా లేచిపోయాడు. వెనక ఇంకా ఇరవైఒక్క మంది ఉన్నారు పాపం.

ఇక ఫారం సంగతి. అందులో మూడు భాగాలున్నాయి. ఒకటి, స్నేహితురాలిని ఇంటికి పిలిచి భోజనం పెట్టుట. రెండు, ఫొటో. మూడు, స్నేహితురాలి కష్టసుఖములు తెలుసుకొనుట. పట్టాభిరామయ్య గారు వంతుల పట్టిక తయారుచేసి నోటీసు బోర్డుకు అంటించారు. రోజూ సాయంత్రం రెండు ఇళ్ళు, ఆదివారాలు నాలుగు. సువార్త వెళ్ళి తను ఇల్లు వెతుక్కోవాలని, సాయంత్రాలు తప్ప వేరే తీరిక లేదని మొరపెట్టుకుంది.

"వెతుక్కుందురు గానీలెండి. ముందు స్నేహం. ఇది పైవాళ్ళ ఆదేశం" అన్నారాయన ఎంతో ఆప్యాయంగా.

అలా మొదలయ్యాయి భోజనాలు. పాపం ఎవరూ తక్కువ చేయలేదు. పప్పూ పులుసూ అప్పడాలూ వడియాలూ, ఒకరింట్లో పనసపొట్టు కూర కూడా. కానీ మూడో ఇంటికల్లా సువార్త ఒకటి కనిపెట్టింది. ఎక్కడికి వెళ్ళినా కుర్చీ వరండాలోనే వేస్తున్నారు. లోపల చీకటిగా ఉంటుందనీ, వరండాలోనైతే ఫొటోకి వెలుతురు బాగుంటుందనీ చెబుతున్నారు. భోజనం పేపరు ప్లేటులో, మంచినీళ్ళు పేపరు గ్లాసులో. అవి కొత్తవి, కట్టలోంచి అప్పుడే తీసినవి. "శుభ్రంగా ఉంటాయని" అన్నారు ఒకరు. "మీకు కడిగే శ్రమ ఎందుకని" అన్నారు మరొకరు. అతిథి కంచం అతిథే కడుగుతుందని ఆ ఇల్లాలు ఎందుకనుకుందో సువార్త అడగలేదు. లోపల గోడకున్న స్టాండులో స్టీలు కంచాలు తళతళలాడుతూ వరండాలోకి కనబడుతూనే ఉన్నాయి. ఆమెకు ఒళ్ళు మండింది. మండినా ఫొటోకి నవ్వింది. ఇల్లు దొరికేదాకా ఎవరితోనూ చెడకూడదు, ఎవరికి ఏ వాటా ఖాళీగా ఉందో ఎవరికి తెలుసు?

పదిహేనో తారీఖున విశాలాక్షి గారి వంతు వచ్చింది. మేడ ఇల్లు. దీవెన చదివే స్కూలు పక్క వీధిలోనే. పై వాటాకు బయటినుంచే మెట్లు. మెట్ల కమ్మీకి వేలాడుతున్న అట్ట మీద "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని ఉంది. వరండాలో కుర్చీ వేశారు, ఆ అట్ట సరిగ్గా ఆమె తల వెనక వచ్చింది. ఫొటో తీశారు. పేపరు ప్లేటులో పులిహోర తింటూ, "మేడం, పై వాటా ఖాళీయేనా అండి?" అని అడిగింది.

విశాలాక్షి గారు సువార్త చెయ్యి పట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "ఖాళీయేనండి. కానీ మీకెలా ఇస్తానండీ? మీరు నా స్నేహితురాలయ్యారు కదా ఇప్పుడు. స్నేహితుల మధ్య అద్దెలూ కరెంటు బిల్లులూ వస్తే స్నేహం చెడిపోతుందండి. నాకు మీరు ముఖ్యం, ఆ వాటా కాదు."

పదకొండు ఇళ్ళవాళ్ళు మేనల్లుళ్ళను అడ్డం పెట్టారు. విశాలాక్షి గారు సువార్తనే అడ్డం పెట్టారు. సువార్త చెయ్యి కడుక్కుంది. ఈసారి మాత్రం నవ్వలేదు.

మూడో భాగంలో అసలు గొడవ వచ్చింది. స్నేహితురాలి కష్టం ఏమిటని అడిగిన వాళ్ళందరికీ సువార్త ఉన్న మాటే చెప్పింది, ఇల్లు దొరకడం లేదని. వాళ్ళందరూ ఉన్నది ఉన్నట్టే రాశారు. "తెలుసుకొన్న కష్టము: ఇల్లు దొరకకపోవుట. తీసుకొన్న చర్య: సానుభూతి." ఇరవయ్యో తారీఖుకు అలాంటివి ఇరవైఆరు ఫారాలు పోగయ్యాయి. అన్నిటికీ సువార్తే నంబరు వేసింది. రాజధానికి ముందస్తు పరిశీలనకు పంపితే అభ్యంతరం రాసి తిప్పి పంపారు: "ఒకే కష్టమును ఇరవైఆరుగురు క్లెయిము చేయుట నిబంధనలకు విరుద్ధము. ఒక్కొక్క స్నేహమునకు ఒక్కొక్క ప్రత్యేక కష్టము చూపవలెను."

పట్టాభిరామయ్య గారు సువార్తను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, చేతికి ఒక తెల్లకాగితం ఇచ్చారు. "మీకున్న కష్టాలన్నీ రాయండి సువార్త గారూ. ముప్పైఎనిమిది కావాలి. నేను హోదాను బట్టి కేటాయిస్తాను."

సువార్త తన సీటుకొచ్చి రాసింది. మోకాలినొప్పి. దీవెనకు లెక్కల్లో మార్కులు. భర్త దూరంగా ఉండటం. గ్యాసు బండ ఆలస్యం. మిక్సీ బాగుచేయించాల్సి రావడం. పదమూడు దగ్గర ఆగిపోయింది. ఎంత తవ్వినా పద్నాలుగోది దొరకలేదు. తనకు ఇంత తక్కువ కష్టాలున్నాయని అంతదాకా ఆమెకే తెలియదు. వరండాలో ఊడుస్తున్న నూకరత్నం చీపురు పక్కన పెట్టి వచ్చింది. ఆ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా ఊడుస్తోంది. వంతెనవతల జగన్నాథపురంలో ఉంటుంది.

"ఏటి సువార్తమ్మా, పెన్ను నోట్లో ఎట్టుకుని కూకున్నావ్?"

సువార్త చెప్పింది. నూకరత్నం పడీపడీ నవ్వింది. "నాయి రాసుకో. మా ఆయన తాగుడు, మా పెద్దోడి పడవ ఇంజను, మా కోడలితో రోజూ తగువు... నాకాడ బోలెడున్నాయి గదా. ఎన్ని కావాల?"

"ఇరవైఐదు అక్కా."

"మజ్జేనానికల్లా చెప్తాను" అంది నూకరత్నం. చెప్పింది కూడా. చివరికి రెండు మిగిలాయి.

ఇల్లు దొరకకపోవడం అన్నిటికంటే పెద్ద కష్టం కాబట్టి హోదా ప్రకారం మార్తాండరావు గారికి దక్కింది. ఆయన చాలా సంతోషించారు. విశాలాక్షి గారికి కోడలితో తగువు వచ్చింది. పదో తరగతి పిల్ల తల్లికి అప్పుడే కోడలెక్కణ్ణుంచి వచ్చిందో అడిగిన నాథుడు లేడు.

ఇరవైరెండో తారీఖున సువార్త ఒక సగంరోజు సెలవు అడిగింది. వివేకానంద పార్కు వైపు ఒక ఇల్లుందని భర్త కొలీగు భార్య చెప్పిందట. పట్టాభిరామయ్య గారు కంగారుపడి మార్తాండరావు గారి దగ్గరికి తీసుకెళ్ళారు.

"అమ్మా సువార్తా," అన్నారాయన, "మీ కష్టం ప్రస్తుతం నా పేరు మీద ఉంది. ఇరవైఏడు దాకా అది యథాతథ స్థితిలో ఉండటం అవసరం. సంఘం వచ్చేసరికి మీకు ఇల్లు దొరికేసిందనుకోండి, నా ఫారంలో కష్టమే లేకుండా పోతుంది. కష్టం లేని స్నేహం చెల్లదు. నేను వివక్ష చూపినవాడినైపోతాను. మీ స్నేహితుడికి ఆ గతి పట్టాలని కోరుకుంటారా మీరు?"

"ముప్పయ్యో తారీఖుకి సామాను రోడ్డు మీదకొస్తుందండి."

"సంఘం ఇరవైఏడునే వెళ్ళిపోతుంది కదమ్మా. ఇంకా మూడు రోజులుంటాయి మీకు!"

సెలవు మంజూరు కాలేదు. సాయంత్రం రెండు భోజనాలు ఉండనే ఉన్నాయి. మర్నాడు కనుక్కుంటే, ఆ ఇంటికీ ఒక మేనల్లుడు వచ్చేశాడు.

ఇరవైఏడున ముగ్గురు సభ్యుల తనిఖీ సంఘం దిగింది. పెద్ద బల్ల మీద ముప్పైఎనిమిది ఫారాలూ, ముప్పైఎనిమిది ఫొటోలూ వరసగా పరిచారు. సువార్త గోడవార నిలబడి చూసింది. ముప్పైఎనిమిది వరండాలు. ముప్పైఎనిమిది పేపరు ప్లేట్లు. నాలుగు ఫొటోల్లో ఆమె తల వెనక అద్దెకు అట్టలు స్పష్టంగా చదవడానికి వీలుగా ఉన్నాయి. సంఘం అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్క ఫొటోనూ పైకెత్తి చూశారు. విశాలాక్షి గారిది మరీ దగ్గరగా పెట్టుకుని చూశారు. సువార్త ఇప్పటికైనా ఎవరో ఒకరు అడుగుతారనుకుంది.

"అద్భుతం" అన్నారాయన. "అన్ని ఫొటోల్లోనూ వెలుతురు ఎంత బాగుందో చూశారా? కొన్ని జిల్లాల్లో ఇంట్లో కూర్చోబెట్టి తీశారండి. ముఖాలే కనబడలేదు."

సంస్థకు రాష్ట్రస్థాయి సమభావ షీల్డు ప్రకటించారు. మార్తాండరావు గారు మాట్లాడుతూ, తాను సువార్త కష్టాన్ని తన సొంత కష్టంగా భావించి ఈ నెలంతా కాపాడుకుంటూ వచ్చానని గద్గదంగా చెప్పారు. చప్పట్లు మోగాయి. అలవాటు కొద్దీ సువార్త కూడా రెండు కొట్టింది.

ముప్పయ్యో తారీఖు పొద్దున్నే ఇంటి ముందుకు కూలగొట్టే మనుషులు వచ్చేశారు. భర్త భీమవరం నుంచి బస్సు దిగి సామాను కడుతున్నాడు, ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియకపోయినా కడుతూనే ఉన్నాడు. దీవెన పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. అంతలో ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. నూకరత్నం దిగింది.

"ఇంకా సూత్తావేటి? ఎక్కించండి. మా ఈదిలో మా ఆడబడుచు వాటా ఖాళీ అయింది రేత్రే. బళ్ళోకి కొంచెం దూరమే, మా ఓడు సైకిలిత్తాడు."

"వాళ్ళకి నా పేరు చెప్పావా అక్కా? ఏ పేటో అదీ..."

"దానికేటి పేరుతో పని? అద్దె టయానికిత్తాదా అనడిగింది. ఇత్తాదన్నాను."

సువార్తకు అక్కడే, వీధిలోనే ఏడుపొచ్చేసింది. నెలంతా ముప్పైఎనిమిది మంది సానుభూతికి రాని ఏడుపు అది. నూకరత్నం దాన్ని పట్టించుకోకుండా గ్యాసు బండ దొర్లించుకుంటూ ఆటో వైపు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం సామాను దింపాక నూకరత్నం వాళ్ళింట్లోనే భోజనం. వంటింట్లో, పొయ్యి పక్కన. చేపల పులుసు. స్టాండులోంచి స్టీలు కంచాలు తీసి, చెంగుతో తుడిచి వడ్డించింది. కంచం అంచున ఎవరిదో పెళ్ళికి ఇచ్చినట్టు పేర్లు చెక్కి ఉన్నాయి. దీవెన రెండోసారి అన్నం అడిగింది. తిన్నాక సువార్త కంచం పట్టుకుని లేవబోతే నూకరత్నం లాగేసుకుని, "కూకో, నేనూ ఇందులోనే తినాలి, మూడే ఉన్నాయి" అని దాంట్లోనే అన్నం పెట్టుకుంది. చీకటి గది. ఫొటో తీసినా ముఖాలు కనబడవు.

ఐదో తారీఖున సువార్త బల్ల మీదికి ఒక మెమో వచ్చింది. దానికీ నంబరు ఆమే వేసుకుంది. "సంస్థ యందలి ప్రతి ఉద్యోగియు ఫారం 7-బి సమర్పించవలసియుండగా, తపాలా సీటు యందలి తమరు ఇంతవరకు సమర్పించలేదు. ముప్పైఎనిమిది మంది తమను స్నేహితురాలిగా స్వీకరించియుండగా, తమరు ఎవరిని స్నేహితులుగా స్వీకరించిరో తెలుపలేదు. ఇతర వర్గమునకు చెందిన తమ స్నేహితుల పేరు వెంటనే తెలుపవలెను."

పట్టాభిరామయ్య గారు దగ్గరికొచ్చి సలహా కూడా ఇచ్చారు. "ముప్పైఎనిమిది మందిలో ఎవరిదో ఒకరి పేరు రాసేయండి. ఎమ్.డీ. గారి పేరైతే ఇంకా శోభగా ఉంటుంది."

సువార్త ఆ ముప్పైఎనిమిది ముఖాలనూ ఒకసారి తలుచుకుంది. ఫారం తీసి, పేరు దగ్గర "నూకరత్నం, స్వీపరు" అని రాసి ఇచ్చింది. గంటలో తిరిగొచ్చింది. "సదరు వ్యక్తి అవుట్‌సోర్సింగ్ అయినందున ఈ స్నేహము చెల్లదు. కావున సంస్థ మొత్తము మీద వివక్ష చూపిన ఏకైక ఉద్యోగి తమరేనని తేలినది. తమపై చర్య ఏల తీసుకొనరాదో మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను."

మూడు రోజులు అక్కర్లేకపోయింది. తెల్లకాగితం తీసుకుని అక్కడే రాసింది.

"అయ్యా, నేను పోయిన నెలలో ముప్పైతొమ్మిది ఇళ్ళలో భోజనం చేశాను. కంచంలో తిన్నది ఒక్క ఇంట్లోనే. ఆ ఇంట్లో వెలుతురు లేనందున ఫొటో జతపరచలేకపోయాను. చిత్తగించవలెను."

కింద సంతకం పెట్టింది. ఇన్వర్డు పుస్తకంలో నంబరు వేసి, తేదీ ముద్ర కొట్టి, ఎమ్.డీ. గారి ట్రేలో అన్నిటికంటే పైన పెట్టింది. తర్వాత సెలవు కాగితం రాయకుండానే సంచీ తీసుకుని బయటికి నడిచింది. దీవెనను బడి నుంచి తీసుకురావాలి, వంతెన దాటాలి. పోర్టికోలో ఊడుస్తున్న నూకరత్నం తలెత్తి, "సాయంత్రం తొందరగా ఒచ్చెయ్, మెత్తళ్ళ చేపలు తెచ్చాడు మావోడు" అంది.